బావాబామ్మర్దుల డేటా తగువు

సూపర్‌మార్కెట్లో బిల్లు కట్టే చోట, బ్యాటరీలకూ దగ్గు బిళ్ళలకూ మధ్య కొక్కేలకు వేలాడే డేటా కార్డుల ముందు లిఫ్టు మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో బుట్ట, బుట్టలో రొట్టె, గుడ్లు, ఒక్క సబ్బు. ఇంకో చేతిలో కార్డు ప్యాకెట్టు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ప్యాకెట్టు వెనక చీమ తలకాయంత అక్షరాలు చదవడానికి తంటాలు పడుతున్నాడు.

"చదివావా?" అన్నాడు ఫోనులో బావ.

"ఉండు బావా. కళ్ళజోడు గదిలో మర్చిపోయి వచ్చా."

"కళ్ళజోడు మర్చిపోయేవాళ్ళని చూసుకునే కదరా వాళ్ళు ఆ అక్షరాలు వేసేది!"

"నీ కంపెనీ వాడేమన్నా గోడంత అక్షరాలతో రాసి పెడతాడా?"

"నా కంపెనీ వాడు ముప్పై రోజులిస్తాడు. అక్కడ ఎన్ని రోజులని ఉంది? నిజం చెప్పు."

మేస్త్రి ప్యాకెట్టును చేయి చాచి దూరంగా పట్టి చూశాడు. "ఇరవై ఎనిమిది."

"చూశావా! ఏడాదికి పదమూడు నెలలు చేసి కూర్చున్నాడు. క్యాలెండరునే కోసుకు తింటున్నాడు, నీకు చౌకగా కనబడుతోంది."

"పదమూడో నెల కలిపినా నీదానికంటే తక్కువే పడుతుంది. లెక్కలో నువ్వెప్పుడు నెగ్గావు గనక!"

వెనక వరసలో ఉన్నవాళ్ళు గొంతు సవరించుకున్నారు. మేస్త్రి పక్కకు తప్పుకున్నాడే గానీ ఫోను పెట్టెయ్యలేదు. ఈ మాటలు వాళ్ళిద్దరికీ కొత్త కాదు. అక్క పోయినప్పటి నుంచీ నెలనెలా ఇదే తగువు.

అక్క బతికున్నన్నాళ్ళూ బావతో మాట్లాడ్డానికంటూ మేస్త్రి ఎప్పుడూ ఫోను చేయలేదు. ఫోను అక్కకే. చివర్లో ఆవిడే, "ఇదిగో, మీ బావ ఏదో వాగుతున్నాడు, నువ్వే విను" అని ఫోను ఆయన చేతిలో పెట్టేది. బావ ఒక వెక్కిరింత విసిరేవాడు, మేస్త్రి ఒకటి తిరిగిచ్చేవాడు, అంతటితో సరి. ఆవిడ పోయాక ఫోను చేతిలో పెట్టే మనిషి లేకుండా పోయింది. మొదట్లో ఒకరికొకరు ఫోను చేసుకుని, "తిన్నావా?" అంటే "తిన్నా" అనుకునేవాళ్ళు. ఆ తర్వాత ఇద్దరికీ గొంతులో వెలక్కాయ పడ్డట్టే. పిల్లలు లేరు, వాళ్ళ చదువుల గురించి అడుగుదామంటే. పంచుకోవలసిన సెంటు భూమి కూడా లేదు, దాని గురించి కొట్టుకుందామంటే.

అలా ఒకసారి మాట తెగిపోయి, ఇక పెట్టేద్దామనుకుంటుండగా బావ అడిగాడు: "అవున్రా, నీ నెట్టు డబ్బాలో ఏ డేటా వేయిస్తున్నావు?"

ఇద్దరివీ అద్దె గదులే. నెట్టు లైను లాగనివ్వరు. అరచేతిలో పట్టే డబ్బా ఒకటి కొనుక్కుని, దాంట్లో ముందే డబ్బు కట్టిన కార్డు వేసుకుంటారు. మేస్త్రి సూపర్‌మార్కెట్ కార్డు వాడతాడు. బావ కంపెనీ దుకాణానికే వెళతాడు. ఆ మాట మీద మొదలైన గొడవ గంట దాటింది. ఫోను పెట్టేశాక చూసుకుంటే మేస్త్రి చెవి వేడెక్కి ఉంది. గదిలో ఎవరో వచ్చి వెళ్ళినట్టు అనిపించింది అతనికి.

బావ బస్సు డ్రైవరుగా చేసి మానేసిన మనిషి. ఏ విషయమైనా బస్సెక్కించందే ఆయనకు తోచదు. "టవరు కంపెనీ వాడిది. నీ సూపర్‌మార్కెట్ వాడు వాడి దగ్గర టోకున కొని నీకు చిల్లరగా అమ్ముతాడు. పగలు బస్సు ఖాళీ, నువ్వూ కూర్చుంటావు. సాయంత్రం రద్దీ వేళ సీటున్నవాడు కూర్చుంటాడు, నువ్వు కడ్డీ పట్టుకుని వేలాడతావు" అనేవాడు. అది నిజమే. సాయంత్రాలు మేస్త్రి వీడియో పెడితే బొమ్మ మధ్యమధ్యలో బిగుసుకుపోయేది. "నిలబడితే నా కాళ్ళే కదా నొప్పి, నీకేం?" అనేవాడు మేస్త్రి. మళ్ళీ నెల వచ్చేసరికి ఎవడో కొత్త రేటు పెట్టేవాడు, తగువు మళ్ళీ మొదటికొచ్చేది.

తెగ్గొట్టుకోవాలన్న ఉద్దేశం మాత్రం ఇద్దరికీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలుసని పైకి అనుకోలేదు.

ఆ రోజు సూపర్‌మార్కెట్లో కార్డు కొన్న తర్వాత బావ దగ్గర్నుంచి ఫోన్లు పలచబడ్డాయి. మేస్త్రి చేస్తే ఎత్తేవాడు. "కంపెనీ వాడు రేటు పెంచాడట, విన్నావా?" అని కావాలనే గోకితే, "అలాగా" అనేవాడు. అంతే! ఆ "అలాగా" విన్నప్పుడు మేస్త్రికి, లిఫ్టు తలుపు తీస్తే లోపల పెట్టె లేకుండా ఉత్త గొయ్యి కనబడ్డట్టయింది. ఒంట్లో బాగాలేదేమో. ముసలాయన చేతిలో డబ్బు ఆడటం లేదేమో. పైకి చెప్పుకునే రకం కాదు.

అలాంటి రోజుల్లో, ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు తీగలకు నూనె పెట్టి బయటికొస్తుంటే, ఎదురుగా కంపెనీ దుకాణం అద్దం మీద కొత్త ప్రకటన బొమ్మ కనబడింది. ఒకే ప్యాకేజీ, ఇద్దరు పంచుకోవచ్చు. ఇద్దరూ ఒక ఇంట్లో ఉండనక్కర్లేదు, ఒక కుటుంబమైతే చాలు. మేస్త్రి నిలబడ్డచోటే వేళ్ళు మడిచాడు. సగం సగం చేస్తే సూపర్‌మార్కెట్ కంటే తక్కువ. ముప్పై రోజులు. పైగా సీట్లో కూర్చుని ప్రయాణం. ఇన్నాళ్ళ తగువులో తనే ఓడిపోయాడు. ఓడిపోయానని చెబితే బావ ఎంత ఎగురుతాడో ఊహించుకుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే, చేతులకున్న నూనె ప్యాంటుకు తుడుచుకుని లోపలికెళ్ళాడు.

లోపల మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి. బల్ల వెనకున్న అమ్మాయి కంప్యూటరు మీద వేళ్ళు ఆడిస్తూ అడిగింది.

"రెండో ఆయన మీకేమవుతారు సార్?"

"బావ."

"అంటే?"

"బావంటే బావేనమ్మా. అక్క మొగుడు."

"ఇందులో నాలుగే ఉన్నాయి సార్. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. అన్నయ్య అనుకుని తోబుట్టువులో పెట్టెయ్యనా?"

"అయ్యో, వద్దొద్దు. అన్నయితే మర్యాదగా మాట్లాడాలి. బావనైతే నోటికొచ్చినట్టు తిట్టొచ్చు."

"తిట్టుకోవడానికా సార్ ఈ ప్యాకేజీ?"

"మరి ఇంకెందుకనుకున్నావు?"

అమ్మాయి నవ్వింది. కాసేపు ఆలోచించి, దారి దొరికినట్టు తల ఎత్తింది. "పోనీ సార్, మీ అక్కగారి పేరు మీద తీసుకోండి. ఆవిడ మీకు తోబుట్టువు, ఆయనకు భార్య. ఆవిడ్ని మధ్యలో పెడితే మీ ఇద్దరూ చక్కగా కలుస్తారు."

"మధ్యలో ఆవిడ లేదమ్మా" అన్నాడు మేస్త్రి. "పోయింది."

ఆ అమ్మాయి వేళ్ళు ఆగాయి. వెనక ఎవరిదో నంబరు పిలిచారు. "సారీ సార్" అంది. గొంతు తగ్గించి, "తోబుట్టువులనే పెడతాను. కంప్యూటరేమీ వచ్చి చూడదు. ఆయన ఫోనుకు ఒక కోడు వెళుతుంది, అడిగి చెప్పండి చాలు" అంది.

మేస్త్రి ఫోను చేశాడు. బావ ఎత్తాడు.

"బావా, నీ ఫోనుకి ఒక కోడు వచ్చింది చూడు, చెప్పు. ఎందుకూ అని అడక్కు. నువ్వే నెగ్గావు. కంపెనీ దుకాణంలో కూర్చున్నా. ఇద్దరికీ కలిపి ఒకటే తీసుకుంటున్నా."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"బావా?"

"వచ్చిందిరా" అన్నాడు బావ. "కానీ నాకిక డేటా అక్కర్లేదు."

"డబ్బు సంగతా? అది నేను చూసుకుంటాలే."

"డబ్బు కాదు. నేనుండే ఇంట్లో లైనుంది."

"నీ గదికి లైనెక్కడిది?"

"గది ఖాళీ చేశాన్రా." బావ గొంతు బండి గేరు మార్చినట్టు కరకరలాడింది. "మా డిపోలో టిక్కెట్ల కౌంటర్లో కూర్చునేదని ఒకావిడ గురించి చెప్పేవాణ్ణి, గుర్తుందా? ఆవిడా ఒక్కతే. నేనూ ఒక్కణ్ణే. అదీ... ఇద్దరం ఒకచోట ఉందామనుకున్నాం. నెల్లాళ్ళయింది. నీకు చెప్పాలనే ప్రతిసారీ ఎత్తడం. నువ్వు రేట్ల సంగతి మొదలుపెడితే నోరు రాకపోవడం."

ఇటు తిరిగి అమ్మాయి, కోడు అడగమన్నట్టు కళ్ళతో సైగ చేసింది.

"మంచిపని చేశావు బావా" అన్నాడు మేస్త్రి. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది. "ఇక్కడ జనం ఉన్నారు. తర్వాత మాట్లాడదాం."

"సాయంత్రం వీడియో పెడతా. ఆవిడ నిన్ను చూడాలంటోంది. పెట్టమంటావా?"

"పెట్టు."

కుర్చీలోంచి లేచి, "వద్దులేమ్మా, ఆయనకు అవసరం లేదట" అన్నాడు. "మీ ఒక్కరికే తీసుకోండి సార్, ఒంటరి ప్యాకేజీ కూడా ఉంది" అంది అమ్మాయి. ఆ మాట అన్నాక ఆ పిల్లకే ఎలాగో అయిపోయి, మళ్ళీ కంప్యూటరులోకి చూసుకుంది.

గదికి వచ్చి మేస్త్రి స్నానం చేశాడు. పెట్టెలోంచి ఉతికిన చొక్కా తీసి వేసుకున్నాడు. పెళ్ళిచూపులకు కూర్చుంటున్నట్టుందని విప్పేశాడు. మామూలు చొక్కాలో మరీ దిగాలుగా కనబడుతున్నాననిపించి మళ్ళీ అదే తొడుక్కున్నాడు. రెండు గుడ్లు ఉడికించుకుని ఒకటే తినగలిగాడు. బావను తప్పు పట్టడానికేమీ లేదు. ఆ మనిషి కూడా ఇలాగే ఒక గదిలో ఒక్క గుడ్డు ఒలుచుకుని ఉంటాడు ఇన్నాళ్ళూ. అక్క కోసం బాధపడాలో, తన కోసం బాధపడాలో తేలలేదు అతనికి. అక్క ఉండబట్టి ఆయన బావయ్యాడు. ఇప్పుడా చోట ఇంకొకరు వచ్చి కూర్చుంటే తను ఆయనకు ఏమవుతాడు? రేట్లు చెప్పే ఒక లిఫ్టు మేస్త్రి అవుతాడు, అంతేనా?

ఫోను గోడకు ఆనించి ముందు కూర్చున్నాడు. మోగింది.

బావ మొహం వచ్చింది. ఎన్నడూ లేనంత స్పష్టంగా వచ్చింది. గడ్డం నున్నగా గీసుకున్నాడు. కాలరు ఇస్త్రీ చేసి ఉంది. వెనక కిటికీకి పూల తెర, దాని పక్కన చక్కగా సర్దిన పళ్ళాలు. ఆ ఇంటి లైను దేన్నీ దాచడం లేదు.

"వినబడుతోందిరా? కనబడుతున్నానా?"

మేస్త్రి సమాధానం చెప్పబోయాడు. ఆ పూల తెర మీద చూపు ఆగింది. చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు.

"ఒరేయ్? బామ్మర్దీ?" బావ తెర మీద వేలితో కొట్టాడు. "ఆగిపోయింది. నేను చెప్పలేదూ? సాయంత్రమైతే చాలు, వీడి బొమ్మ రాయి అవుతుంది."

ఆగిపోలేదు. లైను ఆ పూట బాగానే ఉంది. కదలనిది మేస్త్రి. తను కదలకపోతే లైను ఆగిందని బావ అనుకుంటున్నాడని అర్థమైంది. అది హాయిగా అనిపించింది. ఊపిరి బిగబట్టి, బొమ్మలాగే ఉండిపోయాడు.

బావ పక్కకు తిరిగి పిలిచాడు. "ఇటు రా, చూద్దువుగాని. మా బామ్మర్ది. ఇదుగో, ఇలా మొహం మాడ్చుకుని ఆగిపోయాడు. సూపర్‌మార్కెట్ డేటా. చచ్చినా నా మాట వినడు వెధవ."

ఒకావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి తెరలోకి వంగింది. నెరిసిన జుట్టు, ముక్కు మీద కళ్ళజోడు గుర్తు. "పాపం, చిక్కిపోయి ఉన్నాడే" అంది. కొంచెంసేపు చూసి, "ఆవిడ పోలికలేనా?" అని మెల్లగా అడిగింది.

బావ తెరకు దగ్గరగా జరిగాడు, ఆగిపోయిన బొమ్మను ఎంతసేపు చూసినా తప్పులేదన్నట్టు.

"కళ్ళు" అన్నాడు. "కళ్ళు మటుకు అచ్చం అవే."

రెప్ప కొట్టకుండా ఉండడం మేస్త్రి వల్ల కాలేదు. కళ్ళు మంటెత్తి నీళ్ళు తిరిగాయి. కొట్టాడు.

"వచ్చింది, వచ్చింది లైను!" బావ గాభరాగా వెనక్కి జరిగి కాలరు సర్దుకున్నాడు. "ఎప్పట్నుంచి వినబడుతోందిరా?"

"ఇప్పుడే వచ్చింది బావా. ఏమీ వినబడలేదు."

"అదే. మరేం లేదు, ఆగిపోయిందని అంటున్నా." బావ పక్కకు చూశాడు. "ఇదుగో, ఈవిడే..." అని, తర్వాతి మాట దొరక్క ఆగాడు.

బావ పక్కనున్న మనిషిని ఏమని పిలవాలో మేస్త్రికి తెలుసు. వరస ఒక్కటే ఉంది, రెండక్షరాలు. నాలుక చివరిదాకా వచ్చి అక్కడే నిలిచింది.

"నమస్కారమండీ" అన్నాడు.

"నమస్కారం బాబూ" అంది ఆవిడ.

బావ ఒక్క క్షణం తల దించుకున్నాడు. మళ్ళీ ఎత్తి, "ఏదో ప్యాకేజీ అన్నావు పొద్దున. ఏమంటాడు కంపెనీ వాడు?" అన్నాడు.

"ఏముంది బావా, ఎప్పుడూ చెప్పేదే."

"చెప్పరా, వింటాను."

"రేపు చెప్తా. డేటా అయిపోయేట్టుంది, పెట్టేస్తున్నా."

డేటా చాలానే మిగిలి ఉంది. బల్ల మీద డబ్బా ఆకుపచ్చగా వెలుగుతోంది. ఉతికిన చొక్కా నలగకుండా విప్పి కుర్చీకి తగిలించి, చల్లారిపోయిన రెండో గుడ్డు తెచ్చుకుని, గోడకు ఆనించిన ఫోను ముందు కూర్చుని ఒలవడం మొదలుపెట్టాడు.