తల్లినీరు

దబ్బతొక్క కుళ్లిన వాసన.

పులుపు కాదు. తీపి కాదు. గోడ మూల ఎలుక చచ్చినప్పుడు వచ్చే వాసన...

కుండ మూత తీసిన చేతిని అచ్చయ్య చొక్కాకి తుడుచుకున్నాడు. వాసన చొక్కాకీ అంటింది.

ఇది మూడో కుండ.

మొదటిది పురుగు పట్టింది. రెండోది నల్లబూజు కట్టింది. మూడోది — ఇదిగో.

వాన పడుతూనే ఉంది. పజుండౌంగ్ వాగు మీంచి వచ్చే వాన. నెలల తరబడి ఆగని వాన. రంగూన్‌లో గోడలు ఆ వాన తాగుతాయి. తాగిన గోడకి పాచి పడుతుంది. ముందు పచ్చగా, తర్వాత నల్లగా.

భార్య సూరమ్మ బతికుండగా ఈ గోడలు పాచి ఎరగవు.

పెరట్లో దబ్బచెట్టు ఆవిడదే. నాటింది ఆవిడే. చేపలు కడిగిన నీళ్లు పోసి పెంచింది ఆవిడే. కాయ కోస్తే రసం పులిహోరకి. తొక్క కుండకి. మూడు వంతులు తొక్క, ఒక వంతు తాటిబెల్లం, పది వంతులు నీళ్లు. మూడు నెలలు మూత.

దానికి ముందు, పాత కుండలోంచి ఒక గరిటెడు నీళ్లు.

ఆ గరిటెడు పడకపోతే ఏ కుండా సరిగా పులవదు అనేది సూరమ్మ.

తల్లినీరు అనేది దాన్ని.

పాత కుండ కొత్త కుండకి తల్లి. ఇరవై రెండేళ్లలో తల్లి లేకుండా ఒక్క కుండా పుట్టలేదు. ఆ నీళ్లతోనే నేల. ఆ నీళ్లతోనే గోడ. ఆ నీళ్లతోనే గుళ్లో ఇత్తడి కుందులు. ఫినాయిల్ సీసా ఈ గడప తొక్కలేదు.

నిరుడు మాఘంలో సూరమ్మ పోయింది.

పదోనాడు అచ్చయ్య ఇల్లు శుద్ధి చేశాడు.

మైలపడ్డ ఇంట్లో నిలవ ఉన్నదేదీ ఉండకూడదు. నది అవతలి పల్లెలో తాత నేర్పిన పద్ధతి. నాలుగు తరగతుల బడి, తాత పద్ధతులు — అచ్చయ్య చదివిందంతా అదే. ఆవకాయ పారబోశాడు. చింతపండు పారేశాడు. మంచినీళ్ల కుండ పగలగొట్టాడు. ఆఖరికి తల్లినీరున్న కుండ దగ్గరికి వచ్చాడు.

సూరమ్మ చెల్లెలు హైమ అడ్డం నిలబడింది.

“బావా, అది తిండి కాదు. నేల కడిగే నీరు. దానికేటి మైల?”

“మైల మైలే.”

“అక్క సెయ్యి అందులో ఉంది బావా.”

“తప్పుకో.”

మురుగుకాలవలో పోశాడు.

ఆ కాలవ రెండు రోజులు తళతళలాడింది.

ఆ తర్వాత హైమతో మాట మానేశాడు. ఆవిడ తప్పేం లేదు. కళ్లారా చూసింది... అది చాలు.

నిన్న ఇంటి ఓనరు వచ్చాడు. కరెంటు ఉండటం లేదు, పెరట్లో జనరేటరు పెట్టాలి.

“శుక్రవారం మనుషులొస్తారు, ఊ అచ్చయ్యా,” అన్నాడు, బర్మా మర్యాదగా పేరు ముందు ‘ఊ’ చేర్చి. చెట్టుకి చెయ్యి ఆనించి మరీ అన్నాడు.

చెట్టు మీద పదకొండు కాయలు. ఆఖరివి. అచ్చయ్య కోశాడు. తొక్క తీశాడు. నాలుగో కుండ కడిగి ఆరబెట్టాడు. బెల్లం తెచ్చాడు. నీళ్లు పట్టాడు.

తల్లి లేదు.

ఒక్కచోట ఉంది. ఎప్పుడో దీపావళికి సూరమ్మ నింపి ఇస్తే తనే మోసుకెళ్లి హైమకి ఇచ్చిన సీసా. అది వాడకుండా దాచుకుందని గుళ్లో విన్నాడు.

బోటాటౌంగ్‌లో హైమ ఇంటి దాకా నడిచాడు. నాలుగంతస్తులు ఎక్కాడు. హైమ తలుపు తీసింది.

“ఏటి బావా, దారి తప్పావా?”

“సీసా ఉందా?”

“కూకో. టీ తాగు.”

“సీసా.”

“మూడు కుండలు కుళ్లబెట్టీసావంట. ఊ అచ్చయ్య ఇంట్లో ఏటి సచ్చిందని మీ వీధోల్లు గుళ్లో నన్నడుగుతన్నారు. ఏటి సెప్పమంటావు?”

అచ్చయ్యకి నవ్వు రావలసిన చోట దగ్గు వచ్చింది.

హైమ లోపలికెళ్లి సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. గోధుమరంగు నీరు. సగానికి ఉంది.

“తీసుకెల్లు. ఒక్క మాట అనీసి తీసుకెల్లు. నాకు కాదు... అదిగో, అక్కకి సెప్పు.”

గోడ మీద సూరమ్మ ఫొటో. దండ మారుస్తూనే ఉన్నట్టుంది.

“ఏటనాలి?”

“తప్పయిపోనాది అను. అంతే.”

నలభై ఏళ్ల కాపురంలో ఆ మాట సూరమ్మే అంది. కూర మాడినా ఆవిడే అంది. వాన కురిసి బట్టలు తడిసినా ఆవిడే అంది. అచ్చయ్య నోటికి ఆ మాట దారి తెలీదు.

గొంతు దాకా వచ్చింది.

ఆగింది.

“మైల మైలే,” అన్నాడు. మెట్లు దిగాడు.

ఈ ఊరి మేడలకి తాళ్లు వేలాడుతుంటాయి. పై అంతస్తు నుంచి వీధి దాకా. కింద ఒక క్లిప్పు, పైన ఒక గంట. పేపరతను పేపరు తగిలించి తాడు లాగుతాడు. గంట మోగుతుంది. పైవాళ్లు లాక్కుంటారు.

అచ్చయ్య వీధిలోకి వచ్చేసరికి మొహానికి ఎదురుగా ఒక సంచి దిగింది.

సంచిలో సీసా.

తలెత్తాడు. హైమ మొహం లేదు. తాడు పట్టుకున్న రెండు చేతులే కనబడ్డాయి.

ఊరికే తీసుకోవచ్చు. మాట అక్కర్లేదు. ఎవరూ ఏమీ అడగలేదు...

అదే మింగుడు పడలేదు.

అడిగి ఉంటే కాదనేవాడు. తిట్టి ఉంటే లాక్కునేవాడు. ఇలా ఊరికే దిగి వస్తే ఏం చెయ్యాలో తాత నేర్పలేదు.

సీసా మూత వదులుగా ఉంది. లోపల చిన్న చిన్న బుడగలు. ఇంకా బతికే ఉంది.

శుక్రవారం చెట్టు పోతుంది. ఇంట్లో తొక్కలు ఈపాటికి అంచుల్లో రంగు మారుతుంటాయి.

చెయ్యి లేచింది.

సీసా మీదికి కాదు — తాడు మీదికి.

లాగాడు. పైన గంట మోగింది.

సంచి లేచింది. మొదటి అంతస్తు దాటింది. రెండోది దాటింది. సీసా లోపలే ఉందని హైమ చేతికి బరువు తెలిసినట్టుంది... సంచి అక్కడ ఆగిపోయింది. పైకి పోలేదు. కిందికి రాలేదు. వానలో మెల్లగా తిరుగుతోంది.

అచ్చయ్య తలెత్తి నిలబడ్డాడు. ముక్కు దగ్గర ఇంకా ఆ సీసా వాసన.

కొంచెం పులుపు.

కొంచెం తీపి...