ఎర్నజర్ విప్పని బూటు

షుగర్ అందరికంటే ఎక్కువున్నవాడికి ఈ వారం పలావు ఉచితమని కసాయి తోష్‌పులాత్ తీర్మానించినప్పుడు నర్సు జుల్హుమార్ కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే తర్వాత ఆమెకు ముద్ద దిగేది కాదు.

శుక్రవారం నమాజు అయ్యాక ఊళ్ళో మగవాళ్ళంతా టీ చావడిలో చేరతారు. షుగర్ గురించి చెప్పాలంటే అంతకు మించిన చోటు లేదని ఆమే మిషన్ పట్టుకుని వెళ్ళింది. ఒక్కొక్కరి వేలూ పొడుస్తూ, ఆ మిషన్ లెక్కలో పదకొండు, అంటే మన రెండు వందలు, దాటితే ప్రమాదమని చెబుతూ పోయింది. వాళ్ళు దాన్ని కుస్తీ పోటీ చేసేశారు. పద్నాలుగు వచ్చిన తోష్‌పులాత్ తొడ చరిచాడు. ఆ తర్వాత ఆమె అన్న ఎర్నజర్ వేలు చాపాడు. పంతొమ్మిది.

"మా తోట ఆప్రికాట్లా మజాకా," అంటూ ఎర్నజర్ ఇంకో కలకండ ముక్క బుగ్గన పెట్టుకున్నాడు.

చావడి ఘొల్లుమంది. నవ్వులు తగ్గాక ఆమె అందరినీ మేజోళ్ళు విప్పమంది. ఈ జబ్బు ముదిరితే కాళ్ళకు స్పర్శ పోతుందని, ముల్లు దిగినా తెలియదని, అందుకే రోజూ అరికాళ్ళు వెలుతురులో చూసుకోవాలని చెప్పింది. గొణుక్కుంటూనే విప్పారు.

"మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా ఇటు తిరిగి చూడని పాదాలమ్మా ఇవి," అన్నాడు తోష్‌పులాత్. "నీకే దక్కింది భాగ్యం."

చివర ఎర్నజర్ కూర్చున్నాడు. ఆయనవి మహ్సీలు, మోకాలి కిందదాకా వచ్చే మెత్తని తోలు బూట్లు. పెద్దవాళ్ళు తెల్లవారుజామున కాళ్ళు కడుక్కుని వాటిని తొడుగుతారు. ఆ తర్వాత మర్నాటిదాకా ప్రతి నమాజుకూ తడిచేత్తో పైపైన తుడిస్తే చాలు. మసక చీకట్లో కడగడం, మసక చీకట్లోనే తొడగడం. ఎర్నజర్ పాదాలను వెలుతురులో ఆయనైనా చూసి ఎన్నాళ్ళయిందో.

ఆమె వంగి బూటు మీద చెయ్యి వేసింది.

"లే," అన్నాడు అన్న, గొంతు పెంచకుండా. "నలుగురిలో చెల్లెలి చేత బూట్లు విప్పించుకునేంత చేతకానివాణ్ణయ్యానా?"

నాన్న పోయాక ఆమెను పెంచినవాడు ఆయన. ఆప్రికాట్లు ఎండబెట్టి అమ్మి నర్సు చదువు చెప్పించినవాడు. ఆమె లేచింది. వంగినప్పుడు ఏదో కుళ్ళు వాసన తగిలింది. పాత తోలు కదా అని సర్దిచెప్పుకుంది. రిజిస్టరులో అందరి పేర్ల ఎదుటా రాసినట్టే ఆయన పేరు ఎదుట కూడా 'పాదాలు బాగున్నాయి' అని రాసింది.

తొమ్మిదో రోజున వదిన ఓయ్‌సారా ఫోన్ చేసింది. ఆయనకు ఒళ్ళు కాలిపోతోందట, ఏదేదో మాట్లాడుతున్నాడట.

కుడి బూటు ఊడి రాలేదు. జుల్హుమార్ కత్తెరతో తోలు చీల్చింది. అరికాలు నల్లబడిపోయి ఉంది. మధ్యలో ఆప్రికాట్ గింజ పెంకు ముక్క, బ్లేడులా పదునుగా, నిలువునా దిగి ఉంది.

ఎర్నజర్ తల ఎత్తి దాన్ని చూశాడు. "ఇదెప్పుడు దూరింది?" అని అడిగాడు, ఎవరి కాలినో చూస్తున్నట్టు.

పట్నం ఆసుపత్రిలో ఆ కాలు మోకాలి కింద తీసేశారు. అదే వారం జిల్లా నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఊళ్ళో ఒక్క పాదం వదలకుండా పరీక్షించినందుకు. ఆమె పనిచేసే ఊరి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు దాన్ని గోడకు తగిలించాడు. అది అబద్ధమని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. తీసెయ్యడానికి చెయ్యీ రాలేదు.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం ఎర్నజర్ చంకకర్రల మీద చావడికి వచ్చాడు. ఆమె నోరు విప్పకముందే అందరూ మేజోళ్ళు విప్పేశారు. ఎవరూ జోకులు వెయ్యలేదు. కలకండ గిన్నె ఎవరూ ముట్టుకోలేదు.

ఆమె అన్న దగ్గరికి వచ్చి కింద కూర్చుంది. మిగిలిన మహ్సీని ఎర్నజర్ తనే విప్పి, పాదం ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె వేళ్ళ సందులు చూసింది, మడమ చూసింది, అరికాలిని కిటికీ వెలుతురుకు తిప్పి చూసింది.

"ఆ రోజు కూడా ఇలాగే చూడాల్సింది," అన్నాడు ఎర్నజర్. "తిట్టేవాణ్ణి. అంతేగా."

 ఆమె బూటును బోర్లించి దులిపి, లోపల వేళ్ళు పెట్టి తడిమి చూసి, ఆయన కాలికి తొడిగింది. తర్వాత పక్కనున్నాయన కాళ్ళ దగ్గరికి జరిగింది.