మారక్కా, నీళ్ళు!

ఆ ఏడు కూడా వానలు మొహం చాటేశాయి. మహేంద్రమంగళంలో బావులన్నీ అడుగు తేలాయి. గోపమ్మ మాత్రం తన మెట్టచేలో బోరు వేయించి తీరతానంది. మొగుడు పోయిన మనిషికి ఇంత సాహసమెందుకని ఊరు అంటూ ఉండగానే వెళ్ళి బోరు లారీకి బయానా ఇచ్చి వచ్చింది.

పొద్దున్నే బోరు లారీ చేలోకి దిగింది. ఊరంతా గట్ల మీద చేరింది. యంత్రం రొద మొదలవగానే గోపమ్మ కొంగు నడుముకు చుట్టి దాని పక్కనే నిలబడింది.

గట్టు అవతల తన పొలంలో మారమ్మ నిలబడి ఉంది. గోపమ్మ భర్తకు అన్నగారి భార్య ఆమె. ఒకప్పుడు తోడికోడళ్ళిద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. మారమ్మ గేదె గోపమ్మ రాగిచేలో పడి మేసిన నాడు మాటా మాటా పెరిగింది. ఆ గేదె ఎప్పుడో చచ్చిపోయింది. ఆ చేలో ఎన్నో పంటలు వచ్చి పోయాయి. కోపం మాత్రం ఉన్నచోటే ఉంది. గోపమ్మ భర్త పోయిన రోజున మారమ్మ వచ్చి గుమ్మం దగ్గర ఏడ్చి వెళ్ళింది. అప్పుడు కూడా ఇద్దరికీ నోరు పెగల్లేదు.

మధ్యాహ్నం దాకా బోరులోంచి తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. గట్ల మీది జనం పలచబడ్డారు. బోరు వేసే మాయాండి ముఖం తుడుచుకుంటూ వచ్చి, "అంతా బండేనమ్మా, ఆపేద్దామా?" అని తమిళంలో అడిగాడు.

"చాలమ్మా, ఆపమను," అన్నాడు కొడుకు సిద్ధరాజ్.

"ఇంకో రాడ్డు దించమను. నా మనసు చెప్తా ఉంది," అంది గోపమ్మ.

రాడ్డు దిగింది. కాసేపటికి పొడి ఆగి, తడి మన్ను ముద్దలుగా వచ్చింది. యంత్రం రొద మారింది. మాయాండి "తళ్ళు, తళ్ళు!" అంటూ అందరినీ వెనక్కి తోసేలోగా భూమి పెళ్ళున నీళ్ళు చిమ్మింది. బురదనీరు లారీకంటే ఎత్తు లేచి అందరి నెత్తినా కురిసింది.

"మారక్కా! నీళ్ళొచ్చినాయక్కా! నీళ్ళు!"

అరిచాక గానీ గోపమ్మకు తెలియలేదు, తానెవరిని పిలిచిందో. ఎప్పుడైనా మాట కలిస్తే అనాలని ఇన్నేళ్ళూ ఎన్ని దెప్పులు దాచుకుందో! ఒక్కటీ నోటికి రాలేదు. అంత దుఃఖంలోనూ తెరుచుకోని నోరు, సంతోషం వచ్చి తడితే ఆమెను అడక్కుండానే తెరుచుకుంది.

మారమ్మ గట్టు దూకింది. బురదలో జారి పడింది, లేచింది, మళ్ళీ పరుగెత్తింది. వచ్చి గోపమ్మను కరుచుకుంది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"ఏమ్మే, ఏమి పెడతావు ఈ చేలో?" అంది మారమ్మ రొప్పుతూ.

"టమాటా పెడతానక్కా."

"నీకేమన్నా పిచ్చా? ఇన్ని నీళ్ళు పెట్టుకొని టమాటానా? వరి నాటు!"

"నా చేలో ఏమి పెట్టాల్నో నువ్వు చెప్తావా?"

"చెప్తాను! పెద్దదాన్ని, నేను చెప్పకుంటే ఎవరు చెప్తారు?"

మళ్ళీ మొదలైందని సిద్ధరాజ్ కంగారుగా మధ్యలోకి వచ్చాడు. తోడికోడళ్ళు అతన్ని పక్కకు నెట్టేసి, యంత్రం రొదను మించి నవ్వుతూ, అరుచుకుంటూ, వరి గురించీ టమాటా గురించీ వాదించుకుంటూనే ఉన్నారు.