జగ్గయ్య గుండెలో ఇరవై ఎకరాలు

అమలాపురంలో పడవల రేవుకి దగ్గరగా, ఒక పెంకుటింట్లో డాక్టరు నారాయణమూర్తిగారి ఆస్పత్రి ఉండేది. తెల్లారేసరికి అరుగు నిండిపోయేది. రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ వచ్చినవాళ్ళు తువ్వాళ్ళు పరుచుకుని, తెచ్చుకున్న చద్దిమూటలు విప్పుకుని కూర్చునేవారు. కాంపౌండరు పిలిస్తే లోపలికి వెళ్ళాలి. డాక్టరుగారు గుండెల మీద గొట్టం ఆనించి, కళ్ళు మూసుకుని విని, రేటు చెప్పేవారు.

ఆ గొట్టంలో గుండె చప్పుడుతోపాటు మనిషి ఆస్తి కూడా వినపడేది. కొబ్బరితోట ఉన్నవాడికి మట్టల గలగల, పాడి ఉన్నవాడికి చెంబులో పడే పాలధార. దాన్నిబట్టే రేటు. అదే జబ్బు, అదే కత్తి, అదే బల్ల, ఒకడికి ముప్పై రూపాయలు, పక్కవాడికి మూడొందలు. ఉన్నవాడి దగ్గర తీసుకుని లేనివాడికి చెయ్యడమే ధర్మమని డాక్టరుగారు నమ్మేవారు. అరుగు మీదివాళ్ళూ నమ్మేవారు. ఒక తెలివైనవాడు ముందురోజే ఆవుల్ని బావమరిది దొడ్డికి తోలేసి వస్తే, గొట్టంలో బావమరిది ఆవులు కూడా కలిసి అరిచాయి.

ఆ ఏడు కార్తీకంలో మాణిక్యాలరావుగారికి గజ్జల దగ్గర పేగు జారింది. ఆయనకి కొత్తపేట దగ్గర ఇరవై ఎకరాల పల్లం ఉంది. ఉందని ఆయనకి కాగితాల మీద తెలుసు. తండ్రి పోయాక ఆయన గట్టు మీద కాలుపెట్టిన పాపాన పోలేదు, పొద్దస్తమానం అమలాపురం క్లబ్బులోనే. డాక్టరుగారు ఎంత విన్నా ఆయన గుండెలో పేకముక్కలు కలిపే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పాపం అనుకుని ముప్పై రూపాయలకే కోసి కుట్టేరు.

సంక్రాంతి ఇంకా రాకముందే ఆయన పాలేరు జగ్గయ్యకీ అదే చోట పేగు జారింది. బస్తా ఎత్తుతూ కూలబడిపోయాడు. పెళ్ళాం లోవమ్మ పడవలో వేసుకుని తీసుకొచ్చింది. పేగు మెలికపడిందని, ఆ పూట కొయ్యకపోతే మనిషి దక్కడని డాక్టరుగారు చెప్పేరు. గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు.

"మూడొందలమ్మా."

"సెంటు భూమి లేదండి బాబూ. పాలేరండి."

"నా దగ్గర దాస్తే ఎలాగమ్మా? కావలిస్తే నువ్వే విను."

లోవమ్మ గొట్టం చెవిలో పెట్టుకుంది. ఇరవై ఎకరాల వరిచేను గాలికి ఊగుతోంది. ఎడ్ల మెడల్లో గంటలు, గట్టు మీద కొబ్బరిమట్టలు, కాలవలోంచి మడిలోకి దూకుతున్న నీళ్ళు. జగ్గయ్య చిన్నప్పట్నించీ 'మా చేను, మా ఎడ్లు' అంటూ ఉండేవాడు. పాలేర్లందరూ అలాగే అంటారు. ఈ పిచ్చిమనిషి నిజమనుకున్నాడు. లోవమ్మ గొట్టం తీసి ఇచ్చేసింది. విన్నదాన్ని కాదంటే ఎవరు ఒప్పుకుంటారు?

పరుగెత్తుకుని క్లబ్బుకి వెళ్ళి మాణిక్యాలరావుగారి కాళ్ళ మీద పడింది. డబ్బు లేదు గానీ, చేను వాడిది కాదని వాడికే చెప్పి మాటసాయం చేస్తానని ఆయన వచ్చేరు. మాటకి ఖర్చేముంది? బల్ల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. డాక్టరుగారు గొట్టం ఆనించారు.

"ఒరే జగ్గా, ఎడ్లు రెండూ అమ్మేస్తున్నాను. ఆవు సుందరిని కూడానురా."

గంటలు ఆగిపోయాయన్నారు డాక్టరుగారు. రెండొందల యాభై.

"కొబ్బరిచెట్లు వేలంపాటకిచ్చేను. చేలోకి వేరే పాలేరుని పెట్టేను. ఆ చేను నీది కాదురా. ఎప్పుడూ కాదు."

జగ్గయ్య కళ్ళు తెరిచి ఆయన్నే చూస్తూ పడుకున్నాడు. మట్టలు ఆగిపోయాయి. తర్వాత చేను కోతలో పన పన చొప్పున తరిగిపోతున్నట్టు తగ్గుతూ వచ్చింది. రేటు నూట ఇరవైకి దిగింది. అక్కడ ఆగిపోయింది. కాలవ మాత్రం పారుతూనే ఉంది, ఎన్ని చెప్పినా ఆగలేదు. మాణిక్యాలరావుగారికి చెప్పడానికి ఇంకేమీ తోచలేదు. ఆ చేనుకి కాలవ ఎటువైపుందో ఆయనకి తెలిస్తే కదా.

లోవమ్మకి తెలుసు. ఎన్నో ఏళ్ళుగా అనకుండా దాచుకున్న మాట ఒకటుంది. అది అంటే మనిషి బతుకుతాడు. వంగి మొగుడి చెవి దగ్గర నోరు పెట్టింది.

"మన పిల్ల వీరవేణి ఆ కాలవలోనే కదయ్యా పోయింది. పిల్ల కేకేసింది. నువ్వు ఇన్నావు. మడికి గండి పడిందని ఆగేవు. గండి పూడ్చేకే వచ్చేవు."

జగ్గయ్య కంటి కొసల్లోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. కాలవ ఆగిపోయింది. డాక్టరుగారు తృప్తిగా తలాడించి, ముప్పై రూపాయలన్నారు. లోవమ్మ ముక్కుపుడక తీసి బల్ల మీద పెట్టింది.

ఆపరేషను బ్రహ్మాండంగా జరిగింది. కుట్లు మానేక ఇద్దరూ పడవలో తిరుగుప్రయాణమయ్యారు. కొత్తపేట దగ్గర, కాలవ పక్కన కోతకొచ్చిన చేను బంగారంలా వాలి ఉంది. జగ్గయ్య మర్యాదగా పడవవాణ్ణి అడిగాడు.

"ఎవరి చేనండీ? బాగా పండింది."

మొగుణ్ణి మళ్ళీ పనిలోకి తీసుకోమని అడగడానికి లోవమ్మ వెళితే, మాణిక్యాలరావుగారు నొచ్చుకున్నారు. కొత్త పాలేరుని పెట్టేనని అందరి ముందూ అన్నాక, అన్న మాట మీద నిలబడాలి కదా అన్నారు.

ఇంటికొచ్చేసరికి జగ్గయ్య గుమ్మంలో నిద్రపోతున్నాడు. లోవమ్మ పక్కన కూర్చుని అతని గుండె మీద చెవి ఆనించింది. చేను పోతే పోయింది. తన గాజుల చప్పుడు, పొయ్యి దగ్గర తను చేసే అలికిడి, పిల్ల నవ్వు, ఏదైనా ఒక్కటి మిగిలుంటుందని వెతికింది. గుండె ఒక్కటే శుభ్రంగా, ఆరోగ్యంగా కొట్టుకుంటోంది.