ఏడుకొండలు నడక మొదలెట్టిన రోజు

"పొద్దుటి మంచులో నడిస్తే ఊపిరితిత్తులకి నెమ్ము పడుతుందంటారు. నెమ్ము పడ్డాక ఇంకేం మిగుల్తుంది నాయనా?" అంది వెంకటరత్నమ్మ.

అప్పటికింకా ఎవరూ నడవలేదు. నడవమని ఈ డాక్టరు గారు కూడా ఇంకా అనలేదు. గుడివాడలో ఆయన ఇంటి అరుగు మీద వంతు కోసం కూర్చున్నారు, అంతే.

బందరులో డాక్టర్లు లేక గుడివాడ రాలేదు. ఉన్నారు. అక్కడి డాక్టరు ఏడుకొండలు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, రక్తపోటు చూసి, "రోజూ పొద్దున్నే నడవాలయ్యా" అన్నాడు. ఆ మాట కొడుక్కీ నచ్చలేదు, తల్లికీ నచ్చలేదు. నడవమనకుండా మాత్రలిచ్చే డాక్టరు ఎక్కడో ఒకచోట ఉండకపోడని వెతుక్కుంటూ బస్సెక్కారు. తోడుగా వీధి పెద్ద సూరయ్య వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు సముద్రంలో వల లాగిన ఒళ్లు. ఇప్పుడందులో ఎముకలూ చుట్ట పొగా తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఏడుకొండలు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. ఇంటి ముందరి ఎండుచేపల కొట్లో గల్లా పెట్టె ముందు కూర్చున్నాడంటే మళ్లీ భోజనానికే లేచేవాడు. ఆ పెట్టె ముందే వాళ్ల నాన్న కూర్చుని కూర్చుని, నలభై నిండకుండానే ఒక మధ్యాహ్నం పక్కకి ఒరిగిపోయాడు. ఎదుట బేరమాడుతున్నాయన ఇంకా కాసేపు బేరమాడుతూనే ఉన్నాడట. అప్పట్నుంచి వెంకటరత్నమ్మకి కొడుకు తుమ్మినా భయమే, తుమ్మకపోయినా భయమే.

బందరు డాక్టరు చెప్పింది ఆషాఢంలో. శూన్యమాసంలో కొత్త పని మొదలెట్టకూడదన్నాడు ఏడుకొండలు. ఆ తర్వాత వానలు. వానలు తగ్గాక, కాన్వాసు బూట్లు లేకుండా నడిస్తే మడమలు అరిగిపోతాయన్నాడు. భార్య సరోజ బజారుకెళ్లి బూట్లు తెచ్చింది. కొత్తవి కరుస్తాయి, కాస్త అలవాటు పడాలని వాటిని తొడుక్కుని కొట్లో కూర్చున్నాడు. బూట్లు అలవాటు పడ్డాయి. నడక పడలేదు.

అతనికి సాకు తోచని రోజున తల్లి అందించేది. సందు మొదట్లో కుక్క ఉందనేది. పామర్రు రోడ్డు మీద లారీవాళ్లు నిద్రలోనే తోలుతారనేది. బాగా నడిచి ఒళ్లు తగ్గితే చూసినవాళ్లు క్షయ అనుకోరా అనేది.

"ఆయన కష్టపడి సాకులు వెతుక్కోనక్కర్లేదత్తయ్యా, అట్లు వేసినట్టు మీరే వేడివేడిగా వేసి పెడుతున్నారు" అంది ఒకరోజు సరోజ.

"నీకేం తల్లీ, నువ్వు భయం ఎరగవు" అంది వెంకటరత్నమ్మ.

గుడివాడ డాక్టరు పేరు సత్యవేదం. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. పట్టీ చుట్టి, గాలి కొట్టి, చూసి, అడిగారు.

"నాన్నగారున్నారా?"

"లేరండి."

"ఎలా పోయారు?"

"కూర్చుని ఉండగానే పోయారండి."

డాక్టరు గారు కలం పక్కన పెట్టారు. "మరి నువ్వూ కూర్చునే ఉన్నావు కదయ్యా" అన్నారు.

"సూదిమందైనా పర్లేదండీ, ఎంత పెద్ద సూదైనా ఓర్చుకుంటాడు" అంది తల్లి.

"నడకకి సూది ఇంకా కనిపెట్టలేదమ్మా. కనిపెట్టేదాకా మీవాడుండాలి కదా, అందుకని నడవమంటున్నాను."

ఇంకో డాక్టరు అవనిగడ్డలో ఉన్నాడట అని ఏడుకొండలు దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. పామర్రులో బస్సు మారాలి. వీళ్లు దిగేసరికి బందరు బస్సు కదిలిపోతోంది. సూరయ్య పంచె ఎగ్గట్టి నాలుగంగల్లో అందుకుని మెట్టు మీద నిలబడ్డాడు. వెనకాలే ఏడుకొండలు పరిగెత్తాడు. పకోడీల బండి దాకా వచ్చి, గుండె పట్టుకుని, రోడ్డు మీదే చతికిలబడ్డాడు. పెదాలు నేరేడు పండు తిన్నట్టు నల్లబడ్డాయి. తల్లి పెట్టిన కేకకి బస్సు ఆగింది.

"ఏంటమ్మా ఇది, పెద్దాయన ఎక్కాడు, కుర్రోడు కూలబడ్డాడు! ఎవరికి ఎవరు తోడొచ్చారు?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది.

వెంకటరత్నమ్మ నవ్వలేదు. బందరు దాకా కొడుకు ఊపిరి వింటూ కూర్చుంది. ఒకటి లోపలికి పోయిందంటే మళ్లీ బయటికి వచ్చేదాకా ఆవిడ ఊపిరి ఆగిపోయేది. ఇల్లు చేరి చెప్పులు విప్పకుండానే అంది, "రేపు పొద్దున్న నడుస్తున్నావు."

"రేపు మంగళవారమే అమ్మా."

"అయితే?"

"సందు మొదట్లో కుక్కుంది, నువ్వే చెప్పావు."

"దానికి పళ్లు లేవు. ముసలిది."

"మంచు?"

"మఫ్లరు చుడతాను."

సరోజ వంటింట్లోంచి తొంగిచూసి, మాట్లాడితే ఎక్కడ మనసు మారుతుందోనని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

అయినా భయం ఎక్కడికి పోతుంది? నడవకపోతే పోతాడన్న భయం పెద్దదైంది గానీ, నడిస్తే ఏమవుతుందోనన్న భయం చిన్నదేం కాలేదు. అందుకని తాను కూడా వెంట బయల్దేరింది. కళ్లు తిరిగితే గ్లూకోజు, దాహమేస్తే చెంబుతో నీళ్లు, చెమట పడితే తువ్వాలు, ఆరాక వేసుకోను ఉతికిన చొక్కా, వానొస్తే గొడుగు, ఏమొచ్చినా విభూతి. అన్నీ దుప్పట్లో మూటగట్టి నెత్తిన పెట్టుకుంది. ఇంకొక్క షరతు. రేవు వైపు వద్దు, అటు సముద్రం. ఊళ్లోకి, రైలు కట్ట వైపు నడవాలి.

అన్నీ ఆలోచించింది గానీ, చూసేవాళ్లకి ఎలా కనపడుతుందో ఆలోచించలేదు.

ఉప్పెన వచ్చి అప్పటికి ఏడాది తిరిగింది. ఆ వీధిలో ఏ ఇంట్లో చూసినా గుమ్మం పక్కన మూట కట్టే ఉండేది. ఎవరు ఎటు పరిగెత్తినా ఎందుకని అడగడం మానేసి వెంట పరిగెత్తడం అందరికీ అలవాటైంది. అలాంటి వీధిలో, ఇంకా పూర్తిగా తెల్లారకుండా, పుట్టి బుద్ధెరిగి నడవని ఏడుకొండలు సముద్రానికి వీపు పెట్టి రొప్పుకుంటూ విసవిసా వెళ్తున్నాడు. వెనకాల నెత్తిన మూటతో తల్లి, "ఆగకు నాయనా, ఆగకు!" అంటూ వెళ్తోంది.

కుళాయి దగ్గర బిందె పెట్టిన ఆమినా బీ చూసింది. "ఏంటొదినా? ఏమైందొదినా?" అని అరిచింది.

వెంకటరత్నమ్మకి మాట్లాడే ఊపిరి లేదు. వచ్చాక చెప్తాలే అన్నట్టు చెయ్యి వెనక్కి ఊపింది. వెనకున్నది సముద్రం.

"యా అల్లా! మున్నీ, లేవే! నీళ్లొస్తన్నాయి!"

బిందె దొర్లిన చప్పుడికి సగం వీధి లేచింది, కేకకి మిగతా సగం లేచింది. మూటలు నెత్తికెక్కాయి, పిల్లలు చంకకెక్కారు. ఒకాయన కంగారులో గడియారం వదిలేసి గోడ మేకు పీక్కుని తెచ్చుకున్నాడు. వెనకాల అంత అలికిడి వినపడేసరికి ఏడుకొండలు తిరిగి చూశాడు. వీధికి వీధి మీదికొస్తోంది. ఇంతమంది ఊరికే పరిగెత్తరు కదా అనుకుని పరుగు లంకించుకున్నాడు. కొడుకు పరిగెత్తడం వెంకటరత్నమ్మ చూసింది. వాడే పరిగెత్తుతున్నాడంటే నిజంగానే సముద్రం వస్తోందన్నమాట! ఆవిడా అందుకుంది.

సముద్రం రావట్లేదని తెలియాల్సినవాళ్లు ఆ పరిగెత్తేవాళ్లలో ఇద్దరు. ఆ ఇద్దరే అందరికంటే ముందు పరిగెత్తారు.

రైలు కట్ట ఎక్కి చూస్తే ఏముంది? పొద్దు పొడుస్తోంది. తడి లేదు. ఎవరో పట్టుకొచ్చిన కోడిపుంజు కూసింది. ఏడుకొండలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. ముఖం ఎర్రగా కందింది. పెదాలు నల్లబడలేదు. వెంకటరత్నమ్మ ఆ పెదాలే చూస్తోంది.

"సముద్రం ఎవరు చూశారు?" అన్నాడు సూరయ్య.

అందరూ ఆమినా బీని చూశారు. ఆమినా బీ వెంకటరత్నమ్మని చూపించింది. సంగతి బయటపడింది. కాసేపు తిట్లు, కాసేపు నవ్వులు. ఆఖర్న తాపీగా నడుచుకుంటూ సరోజ వచ్చింది. "ఏవండీ, మీరు నిజంగా పరిగెత్తారా? అయ్యో, నేను చూళ్లేదే!" అంది.

నవ్వుతున్నవాళ్లు దేవమ్మని చూసి ఆగిపోయారు. దివిసీమ ఉప్పెనలో బిడ్డలిద్దర్నీ పోగొట్టుకుని వచ్చి, ఆ వీధిలో అక్క పంచన ఉంటోంది. కట్ట అంచున కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో ఖాళీగా పెట్టుకుని వణుకుతోంది. వెంకటరత్నమ్మ మూట విప్పి, దుప్పటి ఆమెకి కప్పి, పక్కనే కూలబడింది.

"చూశావా?" అన్నాడు సూరయ్య. ఆయన గొంతులో కోపం లేదు. "మావాళ్ల గుండెలు ఇంకా గట్టిపడలేదమ్మా. మీవాడి నడక మాకొద్దు. రేపట్నుంచి గడప దాటడని పదిమందిలో మాటివ్వు."

ఏడుకొండలు తలెత్తాడు. ఆషాఢం నుంచి వెతుకుతున్న సాకు ఇది. కుక్కా మంచూ కాదు, ఏకంగా వీధి పెద్ద ఆజ్ఞ. "పెదనాన్న చెప్పాక కాదంటామా అమ్మా?" అన్నాడు వినయంగా. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అన్నప్పుడు ఎలా చూసేవాడో అచ్చం అలాగే చూస్తున్నాడు.

వెంకటరత్నమ్మ దుప్పటి అంచు దేవమ్మ భుజం మీదికి సర్దింది.

"చెప్పమ్మా" అన్నాడు సూరయ్య.

అవునంటే సరిపోతుంది. వీధంతా చల్లబడుతుంది, కొడుకు గల్లా పెట్టె ముందు కూర్చుంటాడు, తను ఇంట్లో వాడి ఊపిరి వింటూ కూర్చుంటుంది. ఒక మధ్యాహ్నం అది వినపడకుండా పోతుంది. ఆమినా బీ కూతురు మున్నీని ఒళ్లోకి లాక్కుని చూస్తోంది. సరోజ నవ్వడం మానేసింది. దూరంగా పెడన వైపు నుంచి రైలు కూత వినిపిస్తే జనం కట్ట దిగడం మొదలెట్టారు. సూరయ్య దిగలేదు. రైలు వచ్చింది, వెళ్లింది. దుమ్ము అణిగింది. దేవమ్మ వణుకు కూడా నెమ్మదించింది.

అప్పుడు వెంకటరత్నమ్మ లేచి నిలబడింది.

"రేపూ నడుస్తాడన్నయ్యా. ఇవాళ సాయంత్రం ఇంటింటికీ వచ్చి నేనే చెప్పుకుంటాను, దేవమ్మకి మొదట చెప్తాను. వెంట మాత్రం నేను రాను. భయపడ్డం నా పని, అది ఇంట్లో కూర్చుని చేసుకుంటాను. వాడి పని వాణ్ణి చెయ్యనివ్వండి."