మెట్ల మీద కూర్చున్న అదృష్టం

కండక్టరమ్మకు లక్కీ డ్రాలో ఫైనల్ టికెట్లు రెండు తగిలిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరి కాళ్ళూ నేల మీద ఆనడం లేదు. బస్సులో టికెట్లు కొట్టీ కొట్టీ రిటైరైన మనిషి, విమానం లోపల ఎలా ఉంటుందో కూడా ఎరుగదు. అలాంటిది సముద్రం దాటి వెళ్ళి ప్రపంచ కప్పు ఫైనల్ చూడబోతోంది! రెండో టికెట్ అల్లుడిది. ఫ్రిజ్‌లు బాగుచేసే ఆ మెకానిక్ ఫుట్‌బాల్ అంటే చెవి కోసుకుంటాడు.

అందరూ గాల్లో తేలుతుంటే కూతురు ఒక్కతే అడ్డం పడింది. కళ్ళజోళ్ళ కొట్టులో పని ఆమెది. నాలుగు అద్దాలు మార్చి చూస్తే గాని దేన్నీ నమ్మదు.

"గుండెలో స్టెంటు పెట్టుకున్న మనిషివి. దానికి వర్తించే ఇన్సూరెన్స్ దొరికితేనే విమానం. లేదంటే మన టీవీ."

భోజనాల బల్ల మీద మూడు పాలసీలు పరిచారు. మొదటిదానికి సూట్‌కేసు మీద ఉన్న ప్రేమ మనిషి మీద లేదు. రెండోది పారాచూట్ కట్టుకుని దూకినా ఆదుకుంటుంది గాని, పాత జబ్బు మాటెత్తితే మొహం చాటేస్తుంది. మూడోది పాత జబ్బునీ ఒప్పుకుంటుంది, కాకపోతే కంపెనీ నర్సు ఫోన్లో మాట్లాడి సరేననాలి. అందులో ఒక వాక్యం చదివి కండక్టరమ్మ కళ్ళు మెరిశాయి.

"ఒసేయ్, నేనక్కడే పోతే వాళ్ళే విమానంలో తెచ్చి అప్పజెప్తారట! మరి తిరుగు టికెట్టు దండగ కదే?"

అల్లుడు పడీ పడీ నవ్వాడు. కూతురికి నవ్వు రాలేదు. ఆపరేషన్ గది తలుపు ముందు నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. మూడోదానికే టిక్కు పెట్టి, నర్సు ఫోనుకి వేళ తీసుకుంది. అది తప్పిపోతే మళ్ళీ దొరికేది విమానం ఎగిరిపోయాకే.

ఆ వేళ దగ్గరే పొరపాటు జరిగింది. అప్పటికి తమ అభిమాన జట్టు ఆడే సెమీఫైనల్ ముగిసిపోతుందనుకుంది గాని, ఆట సమమైతే అదనపు సమయం ఉంటుందని, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు ఉంటాయని ఆమెకు తట్టలేదు. ఎలా తడుతుంది? ఒక్క మ్యాచ్ కూడా కళ్ళతో చూసి ఎరుగదు. చిన్నప్పుడోసారి ఆమె బయట ఆడుకుంటుంటే టీవీలో ఆ జట్టు గోలు కొట్టింది. గుమ్మం దాటి లోపలికి రాగానే ఎదుటివాళ్ళు గోలు కొట్టేశారు. అంతే, ఆనాటి నుంచి మ్యాచ్ ఉందంటే పిల్ల మెట్ల మీద. పెళ్ళయ్యాక అల్లుడికీ జట్టుకి అచ్చొచ్చే చోటొకటి కుదిరింది: ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసి నిలబడాలి. కండక్టరమ్మది తిరగేసిన బకెట్. "నాకసలు ఆ ఆటే ఇష్టం లేదు" అనేది కూతురు. అబద్ధం. లోపల కేకలు వినబడ్డప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది.

సరిగ్గా పెనాల్టీలు మొదలయ్యాక ఫోను మోగింది. కండక్టరమ్మ బకెట్ మీద నుంచి కదలకుండా స్పీకర్ నొక్కింది.

"అమ్మా, గుండెదడ ఏమైనా ఉందా?" అంది నర్సు.

"దడా? దంచేస్తోంది తల్లీ!"

"అయ్యో, ఎప్పటినుంచి?"

"అదనపు సమయం మొదలైనప్పటినుంచి."

మెట్ల మీద కూతురు తల పట్టుకుంది. "ఓ, మ్యాచా! మా ఆఫీసులోనూ అదే గోల," అని నర్సు నవ్వింది. "నొప్పీ ఆయాసమూ లేవుగా? సరే. మీతో వచ్చేవాళ్ళకి మీ మాత్రలేవో తెలుసా?"

అల్లుడు ఫ్రిజ్ దగ్గర నుంచే అందుకున్నాడు. "తెల్లదొకటండీ. ఇంకోటి... అదీ తెల్లదే."

కూతురు ఉండబట్టలేక తలుపు అవతల నుంచి మాత్రల పేర్లు, ఏది తిండికి ముందో ఏది తర్వాతో, గుక్క తిప్పుకోకుండా ఏకరువు పెట్టింది.

"ఎవరండీ ఆ చెప్పేది?"

"మా అమ్మాయి. మెట్ల మీదుంది."

"మెట్ల మీదా? ఎందుకు?"

"అది లోపలికొస్తే మేము..." కండక్టరమ్మ ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. పరాయి మనిషికి చెప్పబోతే ఆ మాట ఆమెకే సిగ్గనిపించింది. "ఎందుకో నాకూ తెలీదమ్మా," అంది చివరికి.

టీవీలో ఆఖరి కిక్కు. గోలు పడితే తమ జట్టు ఫైనల్‌కే. ఆటగాడు బంతిని గుర్తు మీద పెడుతున్నాడు.

"చిట్టీ! లోపలికి రావే!"

"అత్తయ్యా! ఒక్క కిక్కు ఆగండి, మీకు పుణ్యముంటుంది!" అల్లుడు ఫ్రిజ్‌ని కావలించుకుని మొరపెట్టుకున్నాడు.

"ఓడిపోతే నన్నంటావమ్మా," అంది కూతురు గుమ్మం అవతలే నిలబడి.

"ఓడితే ఓడనీ. నువ్వు రా."

ఆమె గుమ్మం దాటింది. తల్లి చెయ్యి పట్టుకుని నాడి చూసింది. బంతి స్తంభానికి తగిలింది, ముగ్గురి ప్రాణాలూ పైకెళ్ళాయి, అది తిరిగి లోపలికే దొర్లింది! కండక్టరమ్మ ఎగిరి కూర్చునేసరికి బకెట్ భళ్ళున పగిలింది. ఫ్రిజ్ పిడి ఊడి అల్లుడి చేతికొచ్చింది. తల్లి నాడి పట్టుకున్న చెయ్యి వదలకుండానే కూతురు గెంతుతోంది. ఫోన్లో నర్సు ఆఫీసు మొత్తం కేకలు.

"అమ్మా, బాగానే ఉన్నారా?" నర్సు అరిచింది.

"నేను బాగానే ఉన్నా, బకెట్టే పోయింది!"

"అయితే మీతో వచ్చేది మీ అమ్మాయని రాసుకోనా?"

కండక్టరమ్మ అల్లుడి వైపు చూసింది. అతను చేతిలోని పిడి వైపు చూసుకున్నాడు. ఆశ లేక కాదు, ఆ ఫైనల్ కోసం అతను కలలు కూడా కన్నాడు. కానీ భార్య మొహంలో ఆ వెలుగు పెళ్ళినాడు కూడా చూడలేదు.

"రాసుకోండి," అన్నాడు. "మేమందరం వెళ్ళిపోతే ఇక్కడ ఫ్రిజ్ ఎవరు పట్టుకుంటారు?"

"సరే, ఇప్పుడు ఆవిడని అడగాలి. మీకు గుండెకి సంబంధించి ఏమైనా ఉందా అమ్మా?"

కూతురు ముక్కు తుడుచుకుంది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది.

"ఇప్పుడే మొదలైందండీ."