ముసుగు ఉతికిన సోమవారం

సోమవారం మా ఇంట్లో బట్టలుతికే రోజు. వాగు నుంచి నీళ్లు మోసి, కాచి, మా ఆయన లోదుస్తులు నానబెడుతుంటే, ఆయన ఒక పాత పిండిసంచి తెచ్చి తొట్టిలో పడేశాడు.

"దీన్నీ కాస్త శుభ్రంగా ఉతుకు డోర్కస్. రేపు జడ్జిగారి ముందు పెట్టాలి. ఇంత మురికిగా ఉంటే ఏం బావుంటుంది?"

అది సాక్ష్యం. మోంటానా ఇంకా అమెరికాలో రాష్ట్రం కాని రోజుల్లో మా లోయలో తపాలా బండిని దోచుకున్న దొంగ పారేసి పోయిన ముసుగు. ఆ కేసును ఇన్నేళ్లకు తిరగదోడుతున్న డిటెక్టివ్ మా ఆయన ఏమస్. దొంగ ఆరడుగులవాడని అప్పటి బండివాడు చెప్పాడట. మా ఆయన నోట్లో పడ్డాక వాడు వారం వారం ఇంకాస్త పెరుగుతున్నాడు. ఒంటరిగా తుపాకీ పట్టి నలుగురిని బండి దించాడంటే ఎంత మొనగాడో అని ఈయన భోజనం దగ్గర వర్ణిస్తుంటే, మా అత్తగారు హల్డా తలెత్తకుండా బంగాళాదుంపలు నములుతూ ఉంటుంది. ఆవిడ నా భుజం దాకా వస్తుందేమో.

సబ్బు రుద్దబోతూ కళ్ల కోసం చేసిన రంధ్రాల దగ్గర ఆగిపోయాను. ఏ దొంగైనా కత్తితో రెండు పొడుపులు పొడిచి వదిలేస్తాడు. వీటి చుట్టూ కాజా కుట్టు ఉంది. ఒత్తుగా, వంకర లేకుండా, చివర అడ్డంగా రెండు బిగింపు కుట్లతో సహా. మా ఆయన చొక్కా కాజాలవీ అవే కుట్లు. పాపం, జవాబును గుండెల మీద బొత్తాలు పెట్టుకుని మరీ తిరుగుతున్నాడు.

పోగులు వేలాడే గుడ్డ తన ఇంట్లో కనిపించకూడదంటూ, పెళ్లయిన కొత్తలో ఒకే దుప్పటి అంచు నా చేత పదే పదే విప్పించిన మనిషి మా అత్తగారు. కొడుకు చొక్కాలు కుట్టేదీ ఆవిడే. దోపిడీకి వెళ్తూ కూడా ఆ అలవాటు మానలేకపోయింది.

అప్పుడు వంటింట్లోని ఇనప పొయ్యి గుర్తొచ్చింది. నీళ్లు మోయలేకపోతున్నాను, చేతిపంపు వేయించండి అన్నప్పుడల్లా మా ఆయన, ఆ రోజుల్లోనే మా నాన్న చెమటోడ్చి అమ్మకి పొయ్యి కొన్నాడు, ఈ ఇంట్లో ఆడవాళ్లకి ఏం తక్కువ, పంపు వచ్చే ఏడాది చూద్దాంలే అంటాడు. పొయ్యి మాట రాగానే అత్తయ్య లేచి పళ్లేలు తీసేస్తుంది.

కోర్టులో ఉండేది అందరూ మగవాళ్లే, కుట్టు గుర్తుపట్టే ప్రమాదం లేదు. కానీ జడ్జిగారి భార్య ఏ మధ్యాహ్నం భోజనమో పట్టుకుని వచ్చి ఒక్క చూపు చూసిందంటే, అత్తయ్య మిగతా జీవితం జైల్లోనే. కత్తెర తెచ్చి ఒక్కో కుట్టూ విప్పడం మొదలుపెట్టాను.

అత్తయ్య ఎప్పుడొచ్చి వెనక నిలబడిందో. ముసుగును చూసింది, కత్తెరను చూసింది, నన్ను చూసింది.

"మీ మామయ్యని ఏళ్ల తరబడి అడిగాను," అంది చివరికి. "గోడ గూట్లో మంట మీద వంగి వంగి వండలేక నడుం పడిపోతోందంటే, వచ్చే ఏడాది అనేవాడు. చివరికి పొయ్యి నేనే తెప్పించుకుని, మా పుట్టింటివాళ్లు పంపారని చెప్పా. నమ్మాడు. ఊళ్లో మాత్రం తనే కొన్నానని చెప్పుకున్నాడు."

నేను విప్పిన అంచు వైపు చూసేసరికి ఆవిడ మొహం ముడుచుకుపోయింది. "పోగులు వేలాడుతున్నాయి," అంది.

ఆఖరి కుట్టు దగ్గర కత్తెర ఆపాను. గుమ్మం పక్కన ఖాళీ బకెట్లు రెండూ నన్నే చూస్తున్నాయి.

"ఇదొక్కటీ విప్పేలోగా ఎలా వేస్తారో చూపించండి అత్తయ్యా. మనింట్లో పిండిసంచులకి కొదవ లేదు."